రాయొద్దన్న మాటలు

"ఇది మాత్రం రాయకమ్మా."

సినిమా పత్రికల్లో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. అన్నేళ్లలో ఎక్కువసార్లు విన్న మాట ఇదే. హీరో కావచ్చు, అమ్మ పాత్రలు వేసే ఆవిడ కావచ్చు, రికార్డింగు ముగించుకుని బయటికొచ్చి చేతిరుమాలుతో మొహం తుడుచుకుంటున్న గాయకుడు కావచ్చు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట ఆగేవారు. టేప్ రికార్డరు వైపు ఓసారి చూసి ఆ మాట అనేవారు. నేను బటన్ నొక్కేదాన్ని. టక్ మని చప్పుడు. మనసులో ఉన్నది చెప్పేశాక, "ఆఁ, ఇక పెట్టుకో" అనేవారు. మళ్లీ టక్.

మొన్న వేసవిలో మా అమ్మాయి ఆ క్యాసెట్ల పెట్టె అటక మీంచి దించింది. ఫంగస్ పట్టి పాడైపోతాయని ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ ఉన్నట్టుండి నన్ను పిలుస్తుంది. "అమ్మా, ఇక్కడ టక్ మంది, మళ్లీ టక్ మంది. మధ్యలో ఏం చెప్పారు?" ఆ రెండు చప్పుళ్ల మధ్య ఏముందో దాదాపు అన్నీ నాకు గుర్తే. అవి చెప్పను. కానీ ఆ గొంతులు వింటుంటే మిగతావన్నీ ముసురుకొచ్చాయి. అవి రాసుకోవచ్చు.

మాది తెనాలి. నిర్మాత చక్రపాణి గారు, నటి శారద గారు మా ఊరివాళ్లు. నటులు జగ్గయ్య గారు, గుమ్మడి గారు మా చుట్టుపక్కల పల్లెలవాళ్లు. కాబట్టి సినిమావాళ్లంటే ఎక్కడో ఆకాశంలో ఉండేవాళ్లని మాకు అనిపించేది కాదు. ఫలానా వాళ్ల అబ్బాయి, ఫలానా వాళ్ల మేనకోడలు అన్నట్టే మాట్లాడుకునేవాళ్లం. నేను చదివిన మొదటి సినిమా పత్రిక పాటల పుస్తకం. హాలు బయట అమ్మేవాళ్లు. నాలుగు పేజీలు, పల్చటి కాగితం. ముందు కథ ఉండేది, సరిగ్గా అసలు చిక్కు వచ్చే చోట ఆపేసి 'తరువాత ఏమైందో వెండితెరపై చూడండి' అని ముగించేవాళ్లు. మా అక్క వాటిని దారంతో కుట్టి దాచుకునేది. సినిమా చూడకుండానే పాటలన్నీ కంఠతా వచ్చేవి. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు కార్యక్రమం వస్తుంటే వీధిలో ఆడుకునే పిల్లలం కూడా కిటికీ దగ్గర చేరేవాళ్లం.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు పోయారు. నేను అప్పుడు టెన్త్. మా నాన్నకి సినిమాలంటే పడదు, సినిమా పాట వినిపిస్తే రేడియో కట్టెయ్యమనేవారు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నారు. వీధి పొడుగునా అన్ని ఇళ్లలోనూ ఆయన గొంతే. అమ్మ దీపం వేళ అయిందని రేడియో దగ్గరికి వెళ్లబోతే, "కట్టెయ్యకే, ఉండనీ" అన్నారు నాన్న. అంతే, ఇంకేం అనలేదు. ఎన్నడూ మా గుమ్మం తొక్కని మనిషి కోసం మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. అలాంటి మనుషుల్ని దగ్గర్నుంచి చూడాలని, వాళ్లతో మాట్లాడాలని నాకు ఆరోజే మనసులో పడిందని అనుకుంటాను.

1981లో మద్రాసు వెళ్లాను, ఒక సినిమా వారపత్రికలో సబ్ ఎడిటరుగా. టీ నగర్‌లో ఒక మేడ. పైన రెండు గదుల్లో మేము, కింద కంపోజింగు. ఒత్తులు, గుణింతాలు అన్నీ కలిపి సీసపు అచ్చక్షరాలు నింపిన వందల గళ్ల కేసుల ముందు కంపోజిటర్లు నిలబడి, చూడకుండానే అక్షరాలు ఏరేవాళ్లు. తప్పులు దిద్దడానికి తీసిన, తడి ఆరని గ్యాలీ ప్రూఫులు పైకి వచ్చేవి. వేళ్లకి అంటుకున్న ఆ సిరా, అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు. ముఖచిత్రం మాత్రం రెండు వారాల ముందే వేరే ప్రెస్సులో రంగుల్లో అచ్చయిపోయి కట్టలుగా వచ్చేది. అద్దం బల్ల కింద లైటు వేసి, దాని మీద ట్రాన్స్‌పరెన్సీలు, అంటే రంగుల ఫొటో ఫిలిం ముక్కలు, పరిచి, భూతద్దం కంటికి ఆనించి ఒక్కొక్కటే చూసి ముఖచిత్రం ఎంచడం నాకు చాలా ఇష్టమైన పని. వెనకనుంచి వెలుగు పడుతుంటే ఆ చిన్న ఫిలిం ముక్కలో కళ్లు నిజంగా మెరిసేవి. ప్రింటులో ఆ మెరుపు సగం కూడా వచ్చేది కాదు.

నేను చేరిన ఏడాదే, డిసెంబరు 26న సావిత్రి గారు పోయారు. ఏడాదిన్నరకి పైగా కోమాలో ఉన్నారు, అందరూ ఎదురుచూస్తున్నదే, అయినా ఆఫీసులో ఎవరికీ చేతులు ఆడలేదు. ముఖచిత్రం అప్పటికే వేరే నటిది అచ్చయిపోయింది. మా ఎడిటరు గారు అచ్చుకి సిద్ధంగా అక్షరాలు పేర్చి కట్టిన ఎనిమిది పేజీల ఫారం విప్పించేసి, రాత్రికి రాత్రి మొత్తం ఆవిడ మీద కొత్తగా కంపోజు చేయించారు. తరువాతి వారం నుంచి ఉత్తరాలు. సంచుల్లో వచ్చాయి. వాటిని చదివి ఏరే పని నాది. ఒక ఇన్‌లాండ్ లెటర్ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. గోదావరి జిల్లాలోంచి ఒకావిడ రాశారు. "మిస్సమ్మ చూసినప్పుడు నాకింకా పెళ్లి కాలేదు. మాయాబజారు చూసినప్పుడు మా పెద్దవాడు చంకలో ఉన్నాడు. మూగమనసులు నాటికి మా ఆయన లేరు, మా వదిన బలవంతాన తీసుకెళ్లింది." అంతే ఉత్తరం. సావిత్రి గారి నటన గురించి ఒక్క ముక్క లేదు. మేం రాసిన ఎనిమిది పేజీల కంటే ఆ మూడు వాక్యాలే గొప్పగా ఉన్నాయని ఎడిటరు గారే అన్నారు. ఉత్తరాల పేజీలో అన్నిటికంటే పైన, గీతల మధ్య వేశాం.

ఇంటర్వ్యూ చేయడం నేను ఎక్కడా నేర్చుకోలేదు. మొదట్లో అందరిలాగే ప్రశ్నలు రాసుకుని వెళ్లేదాన్ని. స్వగ్రామం ఏది, సినిమాల్లోకి ఎలా వచ్చారు, ఇష్టమైన పాత్ర ఏది. వాళ్లు వందసార్లు చెప్పిన జవాబులే నూట ఒకటోసారి చెప్పేవాళ్లు. వాళ్లనేం అనగలం? అడిగిందే అడిగితే చెప్పిందే చెప్తారు.

పక్కింటి పిన్ని పాత్రలు వేసే ఒకావిడ ఉండేవారు. పేరు రాయను. టైటిల్స్‌లో పది పేర్లతో కలిపి ఒకే కార్డులో ఆవిడ పేరు పడేది. వడపళనిలో వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ జవాబులు అప్పజెప్తున్నారు, నేను రాసుకుంటున్నాను. నాకు ఏమీ ఎక్కడం లేదు. ప్రశ్నల కాగితం మడిచి పక్కన పెట్టేసి, నాకు చిన్నప్పటినుంచీ ఉన్న అనుమానం అడిగేశాను. "మీరు ఏ సినిమాలోనైనా ఎవరితోనైనా మాట్లాడే ముందు కొంగుతో చేతులు తుడుచుకుంటారు. చేతులు తడిగా లేకపోయినా సరే. ఎందుకండీ?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తన చేతులు తిప్పి చూసుకున్నారు. "చూశావా నువ్వు అది?" అన్నారు. అప్పటిదాకా 'మీరు' అని మన్నించి మాట్లాడిన మనిషి ఏకవచనంలోకి దిగారు. నాకు ఎంత సంతోషం వేసిందో. "మా అమ్మ నాలుగిళ్లలో వంట చేసేదమ్మా. ఎవరు పిలిచినా చేతులు తుడుచుకుంటూ వచ్చేది. ఖాళీ చేతులతో మా అమ్మ ఎవరితోనైనా మాట్లాడగా నేను చూడలేదు. మొదటి సినిమాలో కెమెరా ముందు నిలబడేసరికి భయంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ గుర్తొచ్చింది. డైరెక్టరు గారు ఆ చేతులేంటని కసిరారు గానీ, రెండో టేకులో తనే అడిగారు, ఇందాక చేసింది చెయ్యమని." ఆ తర్వాత రెండు గంటలు మాట్లాడారు. వాళ్లమ్మ గురించి, చెమ్మగిల్లిన కొంగు గురించి, ఎవరూ చూడరనుకున్నది ఒకరు చూశారన్నదాని గురించి. ఆ రోజు నుంచి, ఎవరి దగ్గరికి వెళ్లినా వాళ్ల సినిమాల్లో నేను మనసుపెట్టి చూసిన ఒక చిన్న విషయం వెతుక్కుని వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ప్రేక్షకురాలిగా చూసిందే జర్నలిస్టుగా నాకు పనికొచ్చింది.

ఒకసారి ఒక హాస్యనటుడి దగ్గర గంటన్నర కూర్చుని వచ్చాను. ఆఫీసులో క్యాసెట్ పెడితే మొత్తం ఖాళీ. పాజ్ బటన్ నొక్కి ఉండిపోయింది. మర్నాటికి మేటర్ ఇవ్వాలి. ఏడుపొచ్చేసింది. పానగల్ పార్కులో బెంచీ మీద కూర్చుని గుర్తున్నదంతా చీకటి పడేదాకా రాశాను. పొద్దున్నే ఆయనింటికి వెళ్లి జరిగింది చెప్పి కాగితాలు చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, నా పెన్ను అడిగి ఒక్కచోట దిద్దారు. నేను 'నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న చనిపోయాడు' అని రాశాను. దాన్ని 'చనిపోయారు' అని మార్చారు. "మిగతాదంతా నేను మాట్లాడినట్టే ఉందమ్మా. మా నాన్నకి మాత్రం 'డు' వద్దు" అన్నారు. తెరమీద తండ్రి పాత్రల్ని వెక్కిరించి జనాన్ని కడుపుబ్బా నవ్వించిన మనిషి ఆయన. ఆ కాగితం దాచాను, ఆయన దిద్దిన నీలం సిరాతో సహా.

డబ్బింగు వాళ్ల గురించి రాసిన ప్రత్యేక వ్యాసం నాకు అన్నిటికంటే ఇష్టం. అప్పట్లో ఒక సీనుని చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ఫిలిం ముక్కని మొదలూ చివరా అతికించి లూపులా తిప్పేవాళ్లు. తెరమీద అదే డైలాగు మళ్లీ మళ్లీ వస్తుంటే పెదాలకి సరిపోయేదాకా చెప్పాలి. 1967లో వచ్చిన భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడిగా వేసిన రోజారమణి గారు తర్వాత వందల సినిమాల్లో హీరోయిన్లకి గొంతిచ్చారు. నటి సరిత గారూ అంతే. మనం ఎవరికోసమో ఏడ్చామనుకుంటాం గానీ ఆ ఏడుపు సగం వీళ్లది. వీళ్ల పేరు అడుగుతూ మా పత్రికకి అప్పటిదాకా ఒక్క కార్డు ముక్క రాలేదు. పెద్దగా పేరు లేని ఇంకొక డబ్బింగు ఆర్టిస్టు తన నాలుగేళ్ల కొడుకుని సినిమాకి తీసుకెళ్లిన కథ చెప్పింది. తెరమీద హీరోయిన్ ఏడుస్తుంటే వాడు కుర్చీలో నిలబడి "అమ్మా! అమ్మా!" అని గట్టిగా అరిచాడట. పక్కనున్న అమ్మని వదిలేసి తెర వైపు చేతులు చాచాడట. చెబుతూ చెబుతూ నవ్వింది, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఆ వ్యాసం వచ్చాక మొదటిసారి వాళ్ల పేర్లమీద ఉత్తరాలు వచ్చాయి. వాటిని నేనే పట్టుకెళ్లి డబ్బింగు థియేటర్లో ఇచ్చాను.

ఇదంతా ఉద్యోగం అనుకుని చేసింది కాదు. ప్రివ్యూలో ఉచితంగా చూసిన సినిమాని మళ్లీ టికెట్ కొనుక్కుని జనంలో చూసేదాన్ని. ప్రివ్యూలో అందరూ పెద్దమనుషులు, ఎవరూ ఈల వెయ్యరు. క్యాసెట్ షాపుకి వెళ్లి నాకు కావలసిన పాటలు వరసగా కాగితం మీద రాసిచ్చి రికార్డు చేయించుకోవడం పెద్ద పండగ. అరవై నిమిషాల టేపులో చివరి పాట చరణంలో తెగిపోకుండా ముందే లెక్కలు కట్టుకునేదాన్ని. సెలవులకి తెనాలి వెళ్తే టీవీలో శుక్రవారం వచ్చే సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరికి మా ఇంటి ముందుగదిలో వీధంతా కూర్చునేవాళ్లు. 'సినిమా పేపరు అమ్మాయి వచ్చింది' అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు నేనింకా తెనాల్లోనే ఉన్నాను, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరని తెలిసి మా వీధిలో అందరూ ఆశ్చర్యపోయారు. పగలు ఫైళ్లు చూసే మనిషిలో ఆ కళ్లు ఎక్కడున్నాయని మా అక్క అడిగేది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ మంచి ప్రశ్నే.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఎనభైల చివర్లో ఒక కొత్త హీరోయిన్‌ని ఇంటర్వ్యూ చేశాను. పద్దెనిమిదేళ్ల పిల్ల. షాట్ గ్యాప్‌లో, గొడుగు కింద, కాళ్లు ఊపుకుంటూ చాలా కబుర్లు చెప్పింది. కాలేజీలో చేరాలని ఉందనీ, నటన అంటే అంత ఇష్టం లేదనీ, ఇంట్లోవాళ్ల కోసం చేస్తున్నాననీ అంది. రాయొద్దని అనలేదు. ఆ పిల్లకి ఆ మాట అనాలని తెలియదు. నాకు తెలుసు. అయినా 'నటన నాకిష్టం లేదు' అని పెద్ద అక్షరాల్లో హెడ్డింగు పెట్టాను. ఆ వారం పత్రిక బాగా అమ్ముడుపోయింది. ఇష్టం లేని అమ్మాయి మనకెందుకని రెండు సినిమాల్లోంచి తీసేశారని తర్వాత తెలిసింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. కాఫీ ఇచ్చింది. "నేను అన్నదే కదా ఆంటీ, మీరు రాశారు. మీ తప్పేముంది" అంది. ఒక్క విసురు మాట కూడా లేదు. ఆ గుమ్మం దిగి వచ్చిన రోజు నుంచి, రాయొద్దని అనడం తెలియనివాళ్ల తరపున ఆ మాట నేనే అనుకునేదాన్ని. టేపు ఆన్‌లో ఉండగానే కొన్నిటికి నేనే పెన్ను పక్కన పెట్టేశాను.

దీనివల్ల తర్వాత్తర్వాత యాజమాన్యంతో ఇబ్బందులు వచ్చాయి. అప్పటికి నేను ఎడిటర్ని. వేరే పత్రికలో వచ్చిన ఒక విషయం మీకు ముందే తెలుసట కదా, ఎందుకు వెయ్యలేదని నిలదీశారు. తెలుసన్నాను, వెయ్యనన్నాను. ఆ ఏడాది జీతం పెరగలేదు. అంతకంటే ఏం జరగలేదు.

మెల్లగా పరిశ్రమ హైదరాబాదు తరలిపోయింది. 1976లోనే అన్నపూర్ణ స్టూడియో పెట్టినా, మద్రాసు ఖాళీ అవుతోందని మాకు నిజంగా తెలిసొచ్చింది తొంభైలలోనే. ఒక్కొక్క ఇంటి ముందు లారీలు ఆగేవి. మేమూ వచ్చేశాం. వాహినీ స్టూడియో షూటింగు ఫ్లోర్లున్న చోట ఇప్పుడు ఆస్పత్రీ, మాలూ ఉన్నాయి. మద్రాసు వెళ్లినప్పుడు ఆటో అటువైపు తిరిగితే నేను ఇప్పటికీ తల పక్కకి తిప్పుకుంటాను. హైదరాబాదులో ఇంటర్వ్యూలంటే హోటల్ గది, పదిహేను నిమిషాలు, పక్కన ప్రచారం చూసుకునే పీఆర్‌ఓ, బయట మరో పదిమంది. మంచి కుర్రాళ్లు, చక్కగా మాట్లాడేవాళ్లు. కానీ రికార్డరు ఆపమని ఎవరూ అనేవాళ్లు కాదు. ఆపాల్సినంత దూరం ఆ పదిహేను నిమిషాల్లో ఎవరం వెళ్లగలం?

ఆ 'రాయొద్దు' మాటలంటే గొడవలూ, ప్రేమ వ్యవహారాలూ అనుకుంటారు అందరూ. అవీ ఉన్నాయి, చాలా తక్కువ. ఎక్కువ భాగం భయాలు. తర్వాత, ఎవరికీ తెలియకుండా చేసిన సాయాలు. పైకి చెప్పుకుంటే పుణ్యం పోతుందని కొందరు, పుచ్చుకున్నవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కొందరు. ఇంకొన్ని మరీ చిన్నవి. ఎందుకు దాచుకున్నారో కూడా అర్థం కానంత చిన్నవి, కానీ వాళ్లకి అవి ప్రాణం.

మొన్న మా అమ్మాయి మళ్లీ పిలిచింది. పక్కింటి పిన్ని పాత్రల ఆవిడ క్యాసెట్ అది. ఆవిడ పోయి పాతికేళ్లు దాటింది. హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టింది. ముందు ఫ్యాను చప్పుడు, దూరంగా ఎవరో కూరగాయలమ్మే అరుపు, తర్వాత ఆవిడ గొంతు. వాళ్లమ్మ గురించి చెబుతూ ఆగిపోయారు. "ఇది మాత్రం రాయకమ్మా." టక్.

నిజానికి ఆ రోజు అక్కడ దాదాపు ఇరవై నిమిషాలు గడిచాయి. ఆవిడ లేచి లోపలికి వెళ్లి ఒక పాత చీర తెచ్చి చూపించారు కూడా. టేపులో అది రెండు క్షణాలు కూడా లేదు.

టక్. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు. గొంతు సవరించుకుని ఆవిడ అంటున్నారు.

"ఆఁ, ఎక్కడున్నాం మనం? కొంగు దగ్గర కదూ?"